సైకిలెక్కని గొంగడి

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ చలి వార్తల్లో పటాన్‌చెరు పేరు పడుతుంది. నగరం చుట్టుపక్కల అన్నిటికంటే తక్కువ డిగ్రీలు అక్కడే అని ఏటా రాస్తారు. అందులో వింతేమీ లేదు. బేగంపేటలో మేడలూ తారురోడ్లూ పగటి వేడిని రాత్రంతా దాచుకుంటాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన పొలాల వైపు దాచుకునేదేదీ లేదు. మబ్బులేని రాత్రి నేల వేడి పైకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లంలో నిలబడుతుంది. ఆ బేగంపేటలోనే 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయింది. అదే తెల్లవారుజామున మా అమీన్‌పూర్ చెరువు గట్టున ఎంత ఉండిందో కొలిచినవాడు లేడు గానీ, మా తాత ఆ గట్టునే గొర్ల మంద పక్కన పడుకుని ఉంటాడు. ఆయనకు వేరే ఇల్లు కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఉండేది కాదు.

ఆయన ఒంటిమీద గొంగడి ఉండేది. నలభై ఏళ్ళ తర్వాత అదే గట్టు మీదుగా ఆరు గంటల షిఫ్టుకి సైకిల్ తొక్కుకుంటూ బొల్లారం పోయిన నా ఒంటిమీద అది లేదు. మధ్యలో ఏమేం వచ్చాయో, చౌకలో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చెప్పడానికి ఇది రాస్తున్నాను. మాది కురుమ కుటుంబం. నేను మాత్రం ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను.

ముందు గొంగడి సంగతి. దక్కనీ గొర్రె చిన్నది, నల్లది, మాంసానికి పెద్దగా ఎదగదు. దాని విలువంతా ఉన్నిలో ఉండేది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ ఉన్నిని ఏకి, రాట్నం మీద వడికేవాళ్ళు. పడుగుకి చింతగింజల గంజి పట్టించి ఎండబెట్టి, గుంట మగ్గం మీద నేసేవాళ్ళు. కొత్త గొంగడి చెక్కలాగా నిలబడేది. ఏడాది వాడితే గానీ ఒంటికి అలవాటయ్యేది కాదు. ఉన్నికి ఒక గుణం ఉంది: తన బరువులో మూడోవంతు దాకా నీటిని లోపలికి పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. అందుకే వానలో ఒక మూల లోపలికి మడిచి తలమీద వేసుకుంటే అదే గొడుగు, రాత్రి పరుచుకుంటే పక్క, ఈనిన గొర్రె వెనకబడితే పిల్లని చుట్టి భుజాన వేసుకునే జోలె. ఊళ్ళో పంచాయితీ పెడితే పెద్దమనుషులు కూర్చునేది దానిమీదే. మా పక్క జిల్లా మనిషని కూడా అనలేం, మా పాత మెదక్ జిల్లా తూప్రాన్‌లోనే పుట్టిన గద్దర్ దాన్ని భుజాన వేసుకుని వేదికలెక్కాడు. ‘మా భూమి’ సినిమాలో పాడినప్పటి నుంచి గొంగడిని చూస్తే జనానికి ఆయనే గుర్తొచ్చేవాడు. మా బాపుకి మాత్రం ఆ సినిమా సంగతి తెలియదు. ఆయనకి గొంగడి గొంగడే.

ఇంత మంచి బట్ట సైకిల్ ఎందుకెక్కలేదు? గొంగడి నిలబడేవాడి కోసం, నిదానంగా నడిచేవాడి కోసం పుట్టింది. దాన్ని పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలి. హ్యాండిల్‌కి రెండు చేతులూ కావాలి. ముడేసి కట్టుకుంటే అంచు పోయి వెనక చక్రం పుల్లల్లో పడుతుంది, లేదా చైనుకి చుట్టుకుని గ్రీజు పూసుకుంటుంది. ముందు వైపు తెరుచుకుంటుంది కాబట్టి, ఎదురుగాలి నేరుగా రొమ్ముకి కొడుతుంది. పైగా సైకిల్ తొక్కేవాడు తనకు తానే పొయ్యి. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పావు వంతే పెడలు మీదికి పోతుంది, మిగిలిందంతా వేడే. కిష్టారెడ్డిపేట మలుపు దాటేసరికి వీపు చెమట, రొమ్ము మంచు.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర గొంగడితో దిగితే గొర్లకాపరి పనికొచ్చాడనుకుంటారు. నేను ఐటీఐ చదివినవాణ్ణి. మొదటి నెల చలిలో మా బాపు తన గొంగడి ఇచ్చి, “ఏసుకపో బిడ్డా, ఎవలేమంటరు?” అన్నాడు. ఎవరేమంటారో ఆయనకి తెలియదు, నాకు తెలుసు. ఇంట్లోనే వదిలి పోయాను.

బీహెచ్ఈఎల్ రామచంద్రాపురంలో 1965లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశాబ్దం చివరికి పటాన్‌చెరు, బొల్లారం, తర్వాత పాశమైలారం పారిశ్రామిక వాడలు లేచాయి. మెదక్ వెనుకబడ్డ జిల్లా కాబట్టి ఇక్కడ పెట్టేవాళ్ళకు రాయితీలు దొరికేవి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక జోరు పెరిగింది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. దొరకనిది ఏమిటంటే, వీటన్నిటికీ ఊళ్ళ నుంచి మనుషులు ఎలా చేరేవాళ్ళన్నది. పెద్ద కంపెనీ పర్మినెంటు వాళ్ళకి బస్సు ఉండేది. మిగతావాళ్ళకి సైకిల్. పొద్దున ఐదింటికి బీరంగూడ కమాన్ కింద నిలబడితే డైనమో లైట్లు వరసగా కదిలేవి. అట్లాస్, హీరో, హెర్క్యులస్. వెనక క్యారేజీకి సద్ది గిన్నె, హ్యాండిల్‌కి సంచి.

హీరో సైకిల్ లూధియానాలో తయారయ్యేది. చలికి మేం మొదట కొన్న స్వెటర్ కూడా లూధియానాదే. కిందిదీ పైదీ ఒకే ఊరి నుంచి వచ్చాయి గానీ ఒకదాని కోసం ఒకటి పుట్టలేదు. స్వెటర్లు తెచ్చేవాళ్ళు చలికాలంలో నారాయణగూడ, కోఠి ఫుట్‌పాత్‌ల మీద గుడారాలు వేసేవాళ్ళు. వాళ్ళని మేం నేపాలీలనుకునేవాళ్ళం. నిజానికి టిబెటన్లు. 1959 తర్వాత దేశం వదిలి వచ్చి, కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు లాంటిచోట్ల స్థిరపడ్డవాళ్ళు. వ్యవసాయం ఆగిన నెలల్లో లూధియానా టోకు వ్యాపారుల దగ్గర అరువుకు సరుకు తెచ్చి దక్షిణాది ఊళ్ళలో అమ్మి, చలి తగ్గాక బాకీ తీర్చేవాళ్ళు. బేరం పెద్దగా చేసేవాళ్ళు కాదు. చెప్పిన ధర చెప్పినట్టే. పటాన్‌చెరు సంతకి వచ్చే స్వెటర్లు వాటికంటే చౌక, నెలకే మోచేతుల దగ్గర ఉండలు కట్టేవి.

బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లో ఉత్తరాది ఇళ్ళు చాలా ఉండేవి. అక్కడి ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుని ఊలు అల్లేవాళ్ళు. వాళ్ళని చూసి మా వైపు చదువుకున్న ఆడపిల్లలు నేర్చుకున్నారు. కేష్మిలాన్ అనే దారం ఉండలు రంగురంగులవి దొరికేవి. పెళ్ళయిన ఏడు మా ఆవిడ నాకొకటి అల్లింది, ఆకుపచ్చది. చేతులు పొడుగై వేళ్ళ దాకా వచ్చేవి. అందరూ నవ్వారు. కానీ హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగినప్పుడు మణికట్టు కనబడకుండా కప్పిన బట్ట నా జీవితంలో అదొక్కటే. సైకిల్ కోసం ఏ బట్ట కొన్నా చెయ్యి చాచి చూడాలన్నది ఆ స్వెటర్ నేర్పిన పాఠం. నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోయినట్టే ఉంటుంది, సైకిలెక్కాక జానెడు తగ్గుతుంది.

అయినా స్వెటర్ ఒక్కటే చాలేది కాదు. అల్లిక కన్నాల్లోంచి గాలి దూరుతుంది. 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి దాదాపు 7 డిగ్రీల చలి తెలుస్తుందని లెక్క. గాలి లేని రోజు కూడా సైకిల్ తొక్కేవాడు ఆ గాలిని తానే పుట్టించుకుంటాడు. దీనికి మందు పేపరు. నిన్నటి దినపత్రికని నాలుగు మడతలు చేసి చొక్కాకీ స్వెటర్‌కీ మధ్య రొమ్ము మీద పెట్టుకోవడం. ఇది మాకెవరూ నేర్పలేదు. తర్వాత టీవీలో చూస్తే టూర్ డి ఫ్రాన్స్ పందెంలో కొండ ఎక్కినవాళ్ళకి శిఖరం మీద జనం పేపర్లు అందించడం, వాళ్ళు వాటిని జెర్సీలో దూర్చుకుని దిగడం పాత అలవాటేనని తెలిసింది. మా దగ్గర యూనియన్ ఎన్నికల నెలలో పేపరుకి కరువుండేది కాదు. రెండు యూనియన్ల కరపత్రాలూ ఒకే రొమ్ము మీద పెట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. ఓటు ఎటు వేశారో తెలియదు.

పేపరు చెమటకి మెత్తబడి చిరుగుతుంది. అప్పుడు కొందరు పాలిథిన్‌కి పోయారు. యూరియా సంచి లోపలి కవరుకి తలకీ చేతులకీ కంతలు చేసి చొక్కా కింద వేసుకునేవాళ్ళు. గాలి చుక్క దూరదు. కానీ చెమట కూడా చుక్క బయటికి పోదు. గేటు దగ్గరికి వచ్చేసరికి బనియన్ పిండేట్టుగా తడిసి ఉండేది. ఆ తడితో షెడ్డులో నిలబడితే అసలు చలి అప్పుడు మొదలయ్యేది. ఇంకా చెడ్డది ఏమిటంటే, ఫ్యాక్టరీల్లో పొడి రసాయనాల డ్రమ్ముల్లోంచి వచ్చే కవర్లు మందంగా ఉండేవి, ఉచితం. దులిపి వేసుకునేవాళ్ళు. వారం తిరక్కుండా రొమ్ము మీద దద్దుర్లు. మా డిపార్టుమెంటులో ఒక పెద్దాయన ఆ కవర్లు ఎవరి దగ్గర కనబడినా లాక్కుని చించేసేవాడు. తిట్టుకున్నాం గానీ, ఆయన చేసింది మేలు.

మఫ్లర్ కథ వేరు. బయటివాళ్ళు అది చెవులకి అనుకుంటారు. మా దగ్గర అది ముక్కుకి కూడా. చలికాలంలో చల్లగాలి పల్లంలో నిలబడిపోతుందన్నాను కదా, పొగ గొట్టాల్లోంచి వచ్చింది కూడా దాంతోపాటే నిలబడిపోయేది. కుళ్ళిన గుడ్డు వాసన ఒకచోట, మిర్చి ఘాటు ఒకచోట. కళ్ళు మూసినా ఏ కంపెనీ ముందున్నామో చెప్పగలిగేవాళ్ళం. నక్కవాగులో రంగు నీళ్ళు, బావుల్లో నురగ. ఆ గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టులో ఏళ్ళు గడిచాయి. ఈలోగా మేం మఫ్లర్‌ని నీళ్ళలో ముంచి పిండి ముక్కుకి కట్టుకుని తొక్కాం. చలిలో తడి మఫ్లర్! వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఘాటు తగిలితే పిచ్చి కాదని తెలుస్తుంది.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక జాకెట్ల కథ దారి మళ్ళింది. ఓవర్‌టైం డబ్బులు కూడబెట్టినవాళ్ళు ఒక్కొక్కరే బండి కొన్నారు. బండితో రెగ్జిన్ జాకెట్. సినిమా హీరోల తోలు జాకెట్‌కి అది పేదింటి తమ్ముడు. సుల్తాన్ బజార్‌లో వేలాడదీసేవాళ్ళు. లోపల స్పాంజి, పైన నల్లటి మెరుపు. మోటార్ సైకిల్ వాడు కూర్చుని పోతాడు, ఒంట్లో వేడి పుట్టదు, వాడికది సరే. అదే జాకెట్ సైకిలోడు వేసుకుంటే పాలిథిన్ కవరు కథే మళ్ళీ. పైగా రెండో ఏడుకి మోచేతుల దగ్గర పగిలి పొట్టు రాలేది. కానీ బజార్లో జాకెట్ అంటే అదే అయింది. అక్కడి నుంచి ఇప్పటిదాకా మన ఊళ్ళలో చౌకగా దొరికే జాకెట్లన్నీ బండివాడి కొలతకి కుట్టినవే: మందంగా, నడుముకి పొట్టిగా, ముందుకు వంగితే వీపు కింద చెయ్యి పట్టేంత ఖాళీ. సైకిలోడిని దర్జీ మర్చిపోయింది అప్పుడే. ఇది నా ఫిర్యాదు, తీర్పు కూడా.

సరైనది దొరికింది చెత్తలో అన్నట్టు, పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో. గురువారం సెలవు పడ్డ వారం అక్కడికి పాత స్పానర్ల కోసం పోయేవాణ్ణి. విదేశాల నుంచి వచ్చిన పాత బట్టల మూటలు విప్పి కుప్ప పోసేవాళ్ళు. అందులో పారాచూట్ గుడ్డ జాకెట్ ఒకటి. మడిస్తే పిడికిట్లో పట్టేది, లోపల లైనింగ్ లేదు, వీపు వెనక పొడుగు, చంకల కింద చిన్న చిన్న కన్నాలు. అమ్మేవాడు అది వానకని చెప్పాడు. వానకి పనికిరాదు, అరగంటకి కారుతుంది. కానీ మా ఆవిడ అల్లిన స్వెటర్ మీద అది వేసుకున్న పొద్దున బొల్లారం గేటు దగ్గర నా రొమ్ము వెచ్చగా, వీపు పొడిగా ఉన్నాయి. వేడిని స్వెటర్ పట్టుకుంది, గాలిని పల్చటి గుడ్డ ఆపింది, చెమట కన్నాల్లోంచి పోయింది. ఒకే మందపాటి జాకెట్ ఈ మూడు పనులూ చెయ్యలేదు. చేసేవి ఉన్నాయి, గోర్‌టెక్స్ లాంటి బట్టలు, 1970ల నుంచే అమెరికాలో దొరుకుతున్నాయి. వాటి ధరకి అప్పట్లో ఒక సైకిల్ వచ్చేది, ఇప్పుడూ వస్తుంది.

ఈలోగా గొంగడి ఇంట్లో కూడా తగ్గింది. మాంసానికి ధర పెరగడంతో నెల్లూరు పొట్టేళ్ళని తెచ్చి దక్కనీ మందల్లో కలిపారు. వాటికి పుట్టినవాటికి ఉన్ని ఉండదు, వెంట్రుకలే. మిగిలిన కాసింత నల్ల ఉన్ని కొనేవాళ్ళు లేక కత్తిరింపు కూలీ కూడా దండగైంది. మా ఇంటి రాట్నం ఎప్పుడు కట్టెల్లో కలిసిందో మా అమ్మే చెప్పలేకపోయింది. అమీన్‌పూర్ గుట్టల మీద ఇప్పుడు మంద కాయాలంటే ముందు గుట్ట ఉండాలి. 2018లో మా ఊరు మున్సిపాలిటీ అయింది. గుట్టలు పగిలి అపార్ట్‌మెంట్లయ్యాయి. చెరువు మాత్రం 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అన్న పేరుతో మిగిలింది. చలికాలంలో ఫ్లెమింగోల కోసం కెమెరాలతో వచ్చేవాళ్ళ ఒంటిమీద రకరకాల జాకెట్లు చూడొచ్చు.

సైకిల్ మళ్ళీ వచ్చింది, వేరే మనుషులతో. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నార్సింగి నుంచి మా పక్కన కొల్లూరు దాకా ఒక పాయ వస్తుంది. మా పక్క ఫ్లాట్ కుర్రాడు సాఫ్ట్‌వేర్, తెల్లవారుజామున అక్కడికి పోతాడు. పోయిన కార్తీకంలో ఒక మందపాటి జాకెట్ చూపించి, “అంకుల్, ఇది తీసుకోవచ్చా?” అని అడిగాడు. పెదాలు ఆనించి ఊది చూడమన్నాను. ఊపిరి అవతలికి పోతే గాలీ పోతుంది. పోలేదు. అయితే చంక కింద కన్నాలున్నాయా? లేవు. ముందుకు వంగమన్నాను, వీపు బయటపడింది. వెనక్కి ఇచ్చేసి, డెకాథ్లాన్‌లో పల్చటి విండ్‌చీటర్ ఒకటి, లోపలికి మామూలు ఫ్లీస్ ఒకటి తెచ్చుకున్నాడు. రెండూ కలిపి ఆ మందపాటిదాని ధరలో సగం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, ఐదు నిమిషాలు తొక్కాక సరిపోతుంది అని కూడా చెప్పాను. బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉంటే దారిలో తడుస్తావు. నలుపు మాత్రం కొన్నాడు, వద్దన్నా వినలేదు.

అయితే ఆ కుర్రాడు చలి ఎక్కువైతే ఆ పూట మానెయ్యగలడు. మానలేనివాళ్ళు వేరే ఉన్నారు. ఐదింటికి ఇప్పటికీ సైకిళ్ళు పోతాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాళ్ళు, రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు. తలకి తువ్వాల, చేతులకి సాక్సులు, ఒంటిమీద ఎవరో ఇచ్చిన మోటార్ సైకిల్ జాకెట్. పొగమంచులో బొంబాయి రోడ్డు మీద లారీవాడికి వాళ్ళు కనబడరు.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం యాజమాన్యాలకీ, లేబర్ కాంట్రాక్టర్లకీ నేను అడిగేది ఒకటే. యూనిఫాం లెక్కలో నవంబర్‌లోనే ఒక్కో సైకిల్ మనిషికి ఒక పారాచూట్ గుడ్డ జాకెట్ కుట్టించి ఇవ్వండి. వీపు పొడుగ్గా, చంక కింద కన్నాలతో, వెనక వెలుగు పట్టీతో. టోకున కుట్టిస్తే ఒక జత సేఫ్టీ బూట్ల కంటే తక్కువే అవుతుంది.